కణజాలం నుంచి మైనం బ్లాకు దాకా: ఇన్‌ఫిల్ట్రేషన్, ఎంబెడ్డింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

హిస్టోపాథాలజీ (కణజాలాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించే) ల్యాబులో కొత్తగా చేరిన టెక్నీషియన్లు, డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) విద్యార్థులు పదే పదే అడిగే ప్రశ్నలివి. చివర్లో రెండు ప్రశ్నలు మాత్రం బ్లాకు చేతికి అందిన రోగి బంధువులు అడిగేవి. సెక్షన్ (మైనంలో పొదిగిన ముక్క నుంచి కోసిన పలచని పొర) సరిగా రాకపోతే ల్యాబులో అందరూ ముందు దాన్ని కోసే యంత్రం మైక్రోటోమ్‌ను తిడతారు, తర్వాత బ్లేడును తిడతారు. చాలాసార్లు తప్పు ఆ రెండింటిదీ కాదు. గ్రాసింగ్ (వచ్చిన కణజాలంలోంచి పరీక్షకు ముక్కలు కోసి తీయడం) బల్ల మీదో, ముక్కలను రసాయనాల్లో ముంచి మైనం పట్టించే ప్రాసెసర్ యంత్రంలో రాత్రో జరిగిన లోపాన్ని బ్లేడు పొద్దున బయటపెడుతుంది. కింది జవాబుల్లో ఆ మాట చాలాచోట్ల వినిపిస్తుంది.

ఇన్‌ఫిల్ట్రేషన్, ఎంబెడ్డింగ్ రెండూ ఒకటేనా?

కావు. కరిగిన మైనం ముక్క లోపలికి ఇంకి, కణాల మధ్య, కణాల లోపల ఉన్న ఖాళీలన్నిటినీ నింపడం ఇన్‌ఫిల్ట్రేషన్. కొన్ని పుస్తకాలు దీన్నే ఇంప్రెగ్నేషన్ అంటాయి. అలా మైనం నిండిన ముక్కను అచ్చులో సరైన దిశలో పెట్టి, చుట్టూ మళ్లీ మైనం పోసి, గట్టిపడేలా చల్లార్చడం ఎంబెడ్డింగ్. మొదటిది ప్రాసెసర్ చేసే పని, రెండోది మనిషి చేసే పని. మొదటిది పూర్తికాకుండా రెండోది ఎంత నేర్పుగా చేసినా బ్లాకు చూడడానికి అందంగా ఉంటుంది కానీ కోతకు పనికిరాదు.

అసలు మైనం ఎందుకు? ముక్కను నేరుగా కోయకూడదా?

సూక్ష్మదర్శినిలో కణాలు విడివిడిగా కనబడాలంటే సెక్షన్ 3 నుంచి 5 మైక్రాన్ల మందంలో ఉండాలి. పచ్చి కణజాలాన్ని అంత పలచగా కోయడం కుదరదు. బ్లేడు తగలగానే వంగుతుంది, నలుగుతుంది. కణజాలం కుళ్లకుండా స్థిరపరిచే (ఫిక్స్ చేసే) ఫార్మలిన్‌లో ఉంచాక కొంత బిగుసుకుంటుంది గానీ అన్నిచోట్లా ఒకేలా కాదు. ఒకే ముక్కలో పీచుకణజాలం గట్టిగా, గ్రంథులు మెత్తగా, కొవ్వు ఇంకా మెత్తగా ఉంటాయి. ఈ తేడాను వీలైనంత చెరిపేసి, ముక్క మొత్తానికీ దాని చుట్టూ ఉన్న దానికీ ఇంచుమించు ఒకే గట్టిదనం తెచ్చేది మైనం. 1869లో ఎడ్విన్ క్లెబ్స్ పారాఫిన్ మైనాన్ని ఈ పనికి వాడినప్పటి నుంచి ఎన్నో ప్రత్యామ్నాయాలు వచ్చినా రోజువారీ ల్యాబు పనిలో దాన్ని పక్కకు నెట్టినది ఏదీ లేదు. చౌక, సెక్షన్లు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా చక్కగా వస్తాయి, బ్లాకు ఏళ్ల తరబడి చెడిపోకుండా ఉంటుంది.

ఫార్మలిన్‌లోంచి తీసి నేరుగా కరిగిన మైనంలో వేస్తే ఏమవుతుంది?

ఏమీ కాదు, అదే సమస్య. ముక్క నిండా నీరు ఉంటుంది, నీటికీ మైనానికీ పొత్తు కుదరదు. అందుకే ముందు ఆల్కహాల్ నీటిని బయటికి పంపి ఆ చోటును తాను ఆక్రమిస్తుంది. ఆల్కహాల్ కూడా మైనంతో కలవదు కాబట్టి, రెండింటితోనూ కలిసే జైలీన్ అనే ద్రావణి మధ్యవర్తిగా వస్తుంది. ఆ జైలీన్‌ను చివరికి మైనం వెళ్లగొడుతుంది. డీహైడ్రేషన్, క్లియరింగ్, ఇన్‌ఫిల్ట్రేషన్ అని మూడు పేర్లతో చదువుకున్నా జరిగేది ఒకటే, లోపల ఉన్న ద్రవాన్ని దానితో కలిసే మరో ద్రవంతో మార్చుకుంటూ పోవడం. ఏ మెట్టులో పాత ద్రవం మిగిలిపోయినా తర్వాతి మెట్టు అక్కడే ఆగిపోతుంది. నీరు పోని చోటికి జైలీన్ చేరదు, జైలీన్ చేరని చోటికి మైనం చేరదు.

ఆల్కహాల్ 70 శాతంతో ఎందుకు మొదలుపెట్టాలి? నేరుగా అబ్సల్యూట్ (నీరు కలపని) ఆల్కహాల్‌లో వేస్తే పని త్వరగా అయిపోతుంది కదా?

త్వరగా అవుతుంది, ముక్క కూడా త్వరగా పాడవుతుంది. గాఢమైన ఆల్కహాల్‌లో ఒక్కసారిగా పడితే పైపొర బిగుసుకుని కుంచించుకుపోతుంది, లోపలి నీరు బయటికి రావడం కష్టమవుతుంది. ఇంకో కారణాన్ని చాలామంది పట్టించుకోరు. మనం వాడే న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో ఫాస్ఫేట్ లవణాలు ఉంటాయి. అవి గాఢ ఆల్కహాల్ తగలగానే తెల్లని పొడిగా దిగిపోతాయి. మూసి ఉండే రకం ప్రాసెసర్లలో ఈ పొడి గొట్టాల్లో పేరుకుని మరమ్మతు ఖర్చు తెచ్చిపెడుతుంది.

మన దేశంలో చాలా ల్యాబులు ఈథైల్ ఆల్కహాల్‌కు బదులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతాయి. ఈథైల్ ఆల్కహాల్‌కు ఎక్సైజ్ అనుమతులు, లెక్కల పుస్తకాలు కావాలి. ఐసోప్రొపైల్‌కు ఆ తలనొప్పి లేదు, పైగా ముక్కను కాస్త తక్కువగా గట్టిపరుస్తుంది.

రాత్రంతా నడిచే ప్రాసెసర్‌కు షెడ్యూలు ఎలా వేసుకోవాలి?

అందరికీ సరిపడే షెడ్యూలు లేదు. మొదలుపెట్టడానికి 12 బీకర్ల తిరుగుడు ప్రాసెసర్‌కు ఒక నమూనా చెబుతాను. ఫార్మలిన్ రెండు బీకర్లు, గంట చొప్పున. తర్వాత 70, 80, 95 శాతం ఆల్కహాల్ గంట చొప్పున. అబ్సల్యూట్ ఆల్కహాల్ మూడు బీకర్లు, అవీ గంట చొప్పునే. జైలీన్ రెండు, గంట చొప్పున. చివర మైనం రెండు, రెండేసి గంటలు. మొత్తం 14 గంటలు. సాయంత్రం 5కు వేస్తే ఉదయం 7కు చేతికి వస్తుంది. రొమ్ము, లైపోమా (కొవ్వు గడ్డ) లాంటి కొవ్వు ముక్కలు ఎక్కువగా వచ్చే ల్యాబు అబ్సల్యూట్‌లోనూ జైలీన్‌లోనూ సమయం పెంచుకోవాలి. ఎండోస్కోపీ బయాప్సీలే ఎక్కువైతే దీన్ని బాగా కుదించాలి. ఆ సంగతి కింద వస్తుంది.

షెడ్యూలు కంటే ముఖ్యమైనది బీకరులో ఉన్నదేమిటన్నది. అబ్సల్యూట్ అని చీటీ అంటించిన బీకరులో, రోజుకు వంద క్యాసెట్లు (ముక్కలు పెట్టే రంధ్రాల ప్లాస్టిక్ డబ్బాలు) మునిగి లేచాక, మిగిలేది అబ్సల్యూట్ కాదు. చివరి ఆల్కహాల్ బీకరు అడుగున నీరులేని కాపర్ సల్ఫేట్‌ను పరిచి, మీద వడపోత కాగితం కప్పి ఉంచడం పాత పద్ధతి. తెల్లగా ఉండే ఆ పొడి నీరు తగిలితే నీలంగా మారుతుంది. ఇప్పటికీ ఇంత చౌకైన పరీక్ష మరొకటి లేదు. ముక్కలు పడగానే జైలీన్ పాలలా తెల్లబారిందంటే కాపర్ సల్ఫేట్ కూడా అక్కరలేదు, నీరు అక్కడిదాకా వచ్చిందని తెలిసిపోతుంది. బీకర్లను వారానికోసారి మారుస్తాం అని చెప్పే ల్యాబులు చాలా ఉన్నాయి. వారాలతో కాకుండా క్యాసెట్ల లెక్కతో మార్చడమే సరైనది. మూడు రోజులు ఆపరేషన్లు ఎక్కువగా ఉన్న వారానికీ, పండుగ సెలవుల వారానికీ ఒకే నియమం ఎలా సరిపోతుంది?

గ్రాసింగ్‌లో ముక్క ఎంత మందంగా ఉండాలి?

3 మిల్లీమీటర్లు మంచిది, 4 దాటకూడదు. క్యాసెట్ మూత ముక్కను నొక్కకుండా మూసుకోవాలి, ముక్క అంచులకూ క్యాసెట్ గోడలకూ మధ్య ద్రవం తిరగడానికి చోటుండాలి. మూత వేస్తుంటే ముక్క మీద క్యాసెట్ రంధ్రాల అచ్చు పడుతోందంటే అది మందం ఎక్కువైన ముక్కే. అలాంటి ముక్కను ఏ షెడ్యూలూ కాపాడలేదు.

దీనికి ముందు ఫార్మలిన్ తన పని పూర్తి చేసి ఉండాలి. ఫార్మలిన్ తొలి మిల్లీమీటరు లోపలికి పోవడానికి దాదాపు గంట పడుతుంది, లోపలికి పోయేకొద్దీ వేగం ఇంకా తగ్గుతుంది. ముక్క ఘనపరిమాణానికి కనీసం 10 రెట్లు, వీలైతే 20 రెట్లు ఫార్మలిన్ ఉండాలి. గర్భసంచి మొత్తాన్ని కోయకుండా చిన్న డబ్బాలో కుక్కి, పైన రెండు గుక్కల ఫార్మలిన్ పోసి పంపే ఆపరేషన్ థియేటర్లు ఉన్నంతకాలం లోపల కుళ్లిన ముక్కలు మనకు వస్తూనే ఉంటాయి. ఫిక్స్ కాని మధ్యభాగాన్ని ప్రాసెసర్‌లోని ఆల్కహాల్ గట్టిపరుస్తుంది గానీ అది ఫార్మలిన్ ఫిక్సేషన్‌కు సాటి రాదు, రంగు సరిగా పట్టదు. హార్మోన్ రిసెప్టర్ పరీక్షలకు వెళ్లే రొమ్ము ముక్కలకైతే 6 గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఫార్మలిన్‌లో ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మైనం ఏ ఉష్ణోగ్రతలో ఉండాలి? ఎప్పుడు మార్చాలి?

డబ్బా మీద రాసి ఉండే ద్రవీభవన స్థానం కంటే 2 నుంచి 4 డిగ్రీలు ఎక్కువ చాలు. 58 నుంచి 60 డిగ్రీల సెల్సియస్‌లో కరిగే మైనమైతే మైనం తొట్టి వేడి 62 దగ్గర ఉంటే సరిపోతుంది. తొందరగా ఇంకుతుందని వేడి పెంచడం చెడ్డ అలవాటు. వేడి ఎక్కువైతే ముక్క ముడుచుకుని పెళుసుబారుతుంది, మైనంలో కలిపిన పాలిమర్లు కూడా చెడిపోతాయి. వేసవిలో గది చల్లగా ఉంచుకోలేని ల్యాబులు 60 నుంచి 62 డిగ్రీల రకం కొనుక్కోవడం మేలు. తక్కువ డిగ్రీలలో కరిగే మైనంతో మే నెల మధ్యాహ్నం పలచని రిబ్బను లాగడం మహా కష్టం. ప్రాసెసర్ డయల్ చూపే అంకెను నమ్మకుండా అప్పుడప్పుడు విడిగా థర్మామీటరు ముంచి చూడాలి.

మార్చడం ఎప్పుడన్నది ముక్కు చెబుతుంది. రెండు బీకర్లలో మొదటిదానిలో జైలీన్ వాసన ఉండడం మామూలే, ముక్కల్లోని జైలీన్ దిగేది అక్కడే కదా. రెండోదానిలో కూడా వాసన వస్తుంటే ఆలస్యం చేసినట్టే. అప్పుడు మొదటిదాన్ని పారబోసి, రెండోదాన్ని దాని స్థానంలోకి జరిపి, చివర కొత్త మైనం పోయాలి. జైలీన్ కలిసిన మైనంతో చేసిన బ్లాకు గోరు గుచ్చితే దిగబడుతుంది, కోస్తుంటే పొడిపొడిగా రాలుతుంది.

ప్రాసెసర్‌లో వాక్యూమ్ (గాలిని లాగేయడం) తప్పనిసరా?

తప్పనిసరి కాదు, ఉంటే మాత్రం తేడా తెలుస్తుంది. ఊపిరితిత్తుల ముక్కల్లో గాలి చిక్కుకుని ఉంటుంది, అది బయటికి రాకపోతే మైనం లోపలికి పోదు. కొవ్వు ముక్కలకూ, దట్టమైన పీచుకణజాలానికీ కూడా వాక్యూమ్ సాయపడుతుంది. వాక్యూమ్‌ను నెమ్మదిగా పెంచి నెమ్మదిగా వదలాలి.

మైనం లోపలిదాకా ఇంకలేదని ఎలా గుర్తించాలి?

పాకం సరిగా పట్టని గులాబ్ జామూన్‌ను కోస్తే అంచుల్లో తేమగా, నడుమ తెల్లగా పొడిగా కనబడుతుంది. బ్లాకు విషయంలోనూ మధ్యనే చూడాలి. ట్రిమ్మింగ్ (ముక్క బయటపడేదాకా పై మైనాన్ని కోసేయడం) చేస్తుండగా ముక్క అంచులు నున్నగా, మైనంతో కలిసిపోయి ఉంటాయి. మధ్యభాగం మాత్రం మబ్బుగా, కాస్త తడిగా, బ్లేడు వెనుక గుంటపడుతూ ఉంటుంది. రిబ్బనులో ఆ చోట చిరుగు లేదా రంధ్రం కనబడుతుంది. రిబ్బనును పరిచే గోరువెచ్చని నీళ్ల తొట్టిలో వేయగానే మైనం విచ్చుకుంటుంది, ముక్క దాని నుంచి విడిపోయి చెల్లాచెదురవుతుంది. కోసిన బ్లాకును ఒకటి రెండు రోజులు పక్కన పెట్టి చూస్తే ముక్క ఉన్న చోట ఉపరితలం లోపలికి కుంగి ఉంటుంది, మిగిలిన నీరో జైలీనో ఆవిరైపోయి.

వేలి కొసతో తాకి చూడడం కూడా మంచి పరీక్షే. ముక్క, చుట్టూ ఉన్న మైనం వేలికి ఒకేలా తగలాలి. మధ్యలో మెత్తగా తగిలితే ఆ బ్లాకును ఇక కోయకండి. కోసిన ప్రతి సెక్షనుకూ కొంత కణజాలం పోతుంది, అది తిరిగి రాదు.

అలాంటి బ్లాకును బాగుచేయవచ్చా?

చాలాసార్లు చేయవచ్చు. ముందు లోపల ఏమి మిగిలిందో తేల్చుకోవాలి. జైలీన్ వాసన గట్టిగా వస్తూ ముక్క అర్ధపారదర్శకంగా ఉంటే నీటి సమస్య లేదని అర్థం. బ్లాకు కరిగించి, తాజా మైనంలో రెండు మూడు గంటలు ఉంచి, మళ్లీ ఎంబెడ్ చేస్తే సరిపోతుంది. ముక్క తెల్లగా మబ్బుగా ఉంటే నీరు మిగిలిందన్నమాట, అప్పుడు వెనక్కి నడవాల్సిందే. మైనం కరిగించి, కాగితంతో అద్ది, జైలీన్ రెండు మార్పుల్లో ఉంచి మైనాన్ని పూర్తిగా తీసేయాలి. అక్కడి నుంచి అబ్సల్యూట్ ఆల్కహాల్‌కు తెచ్చి, తగినంత సమయం ఇచ్చి, మళ్లీ జైలీన్, మళ్లీ మైనం. ముక్క మందంగా ఉందనిపిస్తే, మైనం పోయాక దాన్ని నిలువుగా రెండుగా చేసి రెండు క్యాసెట్లలో వేయడం తెలివైన పని. అలా చేసే ముందు పాథాలజిస్టుకు చెప్పాలి, రిజిస్టరులో రాయాలి.

ఒక మాట. ఒక్క బ్లాకు మెత్తగా ఉంటే అది ఆ ముక్క సమస్య. ఆ రాత్రి బ్యాచ్ మొత్తం మెత్తగా ఉంటే బీకర్లలో ఏదో తేడా జరిగిందని. బ్లాకులన్నీ ఒక్కొక్కటిగా బాగుచేసే ముందు ఆ తేడా ఏమిటో కనిపెట్టాలి, లేకపోతే బాగుచేసిన బ్లాకులు కూడా అదే చెడు ఆల్కహాల్‌లో మునుగుతాయి.

చిన్న బయాప్సీలు పెళుసుగా మారి పగుళ్లు పడుతున్నాయి. ఎందుకు?

పెద్ద ముక్కల షెడ్యూలులో వాటినీ వేయడం వల్ల. 2 మిల్లీమీటర్ల కడుపు బయాప్సీకి 14 గంటల ప్రయాణం అక్కరలేదు. కణాల్లో అణువులను పట్టుకుని ఉన్న నీటిని సైతం ఆల్కహాల్ లాగేస్తుంది, మిగిలేది ఎండిన ముక్క. స్లైడు మీద అది ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలు బారి కనబడుతుంది. విడిగా 3, 4 గంటల చిన్న షెడ్యూలు నడపడమే దీనికి మందు. రెండో ప్రాసెసర్ లేని ల్యాబులో చిన్న బయాప్సీలను ఉదయం చేత్తోనే ప్రాసెస్ చేసుకోవచ్చు, చిన్న సీసాలు, ఒక మైనం ఓవెన్ ఉంటే చాలు.

ఇప్పటికే పెళుసైన బ్లాకు చేతిలో ఉంటే, ట్రిమ్ చేసిన ముఖాన్ని మంచు కరుగుతున్న నీళ్లలో కొన్ని నిమిషాలు ఆనించి ఉంచండి. బయటపడ్డ కణజాలం కాస్త నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. ఆ మెత్తదనం పై కొన్ని మైక్రాన్ల వరకే. తొలి సెక్షన్లలోనే మంచివి పట్టుకోవాలి. ఎక్కువసేపు ఉంచితే ముక్క ఉబ్బి బ్లాకులోంచి పైకి లేస్తుంది.

ఎంబెడ్ చేసేటప్పుడు ముక్కను ఎలా నిలబెట్టాలి?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అచ్చు అడుగును ఏ ముఖం తాకుతుందో ఆ ముఖమే బ్లేడుకు మొదట ఎదురవుతుంది. పాథాలజిస్టు ఏ పొర చూడాలో అది ఇక్కడే తీర్మానమవుతుంది.

చేతి కదలిక ఇలా ఉంటుంది. ముక్కకు తగిన అచ్చు ఎంచుకుని, అడుగున పలచగా మైనం పోస్తారు. వెచ్చగా ఉన్న ఫోర్సెప్స్‌తో ముక్కను తీసి, కావలసిన ముఖం కిందికి వచ్చేలా పెడతారు. అచ్చును చల్లని పలక మీదికి ఒక్క క్షణం జరుపుతారు. అడుగు మైనం పారదర్శకత కోల్పోయి తెల్లబడుతుంది, ముక్క అంటుకుంటుంది. ఆ రెండు మూడు క్షణాల్లోనే దాన్ని నిలువుగా సరిచేయాలి. ముందే చేస్తే ముక్క పడిపోతుంది, ఆలస్యమైతే కదలదు. ముక్క నిలబడగానే అచ్చును వెనక్కి తెచ్చి, పైదాకా వేడి మైనం పోసి, నంబరున్న క్యాసెట్‌ను మీద పెట్టి, ఇంకొంచెం పోసి, చల్లని పలక మీదికి పంపుతారు. పై మైనం పోసేలోపు అడుగు పొర పూర్తిగా గట్టిపడితే రెండు పొరల మధ్య గీత పడుతుంది, కోతలో బ్లాకు అక్కడే విడిపోతుంది.

చర్మం: పైపొర నుంచి కింది కొవ్వు దాకా అన్నీ ఒకే సెక్షనులో కనబడాలి. కాబట్టి ముక్క అంచు మీద నిలబడాలి, పడుకోకూడదు. పడుకోబెడితే పైపొర మాత్రమే కోసినట్టవుతుంది, మెలనోమా ఎంత లోతుకు దిగిందో కొలిచే వీలే ఉండదు. అనేక చర్మపు ముక్కలు ఒకే బ్లాకులో ఉంటే పైపొరలన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి.

ఫెలోపియన్ నాళం (అండవాహిక), వాస్ డిఫరెన్స్ (శుక్రవాహిక), అపెండిక్స్, రక్తనాళం: నాళం అడ్డంగా కోతపడి గుండ్రని వలయంలా కనబడాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ తర్వాత వచ్చే నాళాల ముక్కల్లో ఇది మరీ ముఖ్యం. నాళం పూర్తిగా తెగిందో లేదో చెప్పేది పూర్తి వలయమే.

పేగు, కడుపు, పిత్తాశయం, మూత్రాశయం గోడలు, సిస్టు గోడలు: లోపలి పొర నుంచి బయటి పొర దాకా కనబడేలా అంచు మీద. ఎండోస్కోపీ బయాప్సీలకు కూడా ఇదే నియమం. కానీ అవి అంత చిన్నవి కాబట్టి కంటికి దిశ తెలియదు, మంచి వెలుతురూ భూతద్దమూ కావాలి.

సూది బయాప్సీలు: ప్రొస్టేట్, కాలేయం, మూత్రపిండాల నుంచి వచ్చే సన్నని పొడుగాటి ముక్కలు అచ్చు అడుగున తిన్నగా, సమతలంగా పడుకోవాలి. ఒక కొస పైకి లేచి ఉంటే ఆ కొస సెక్షనులోకి రావడానికి ముందే మిగిలినది అరిగిపోతుంది. ప్రొస్టేట్‌లో క్యాన్సర్ ఎంత పొడవున ఉందో కొలుస్తారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

సిరా పూసిన ముక్కలు: గ్రాసింగ్ చేసినవారు అంచుకు నలుపో నీలమో పూసి ఉంటే అది మీకోసం పెట్టిన గుర్తే. సిరా ఉన్న ముఖాన్ని కిందికి పెట్టాలా, పక్కకు పెట్టాలా అన్నది ముందే మాట్లాడుకుని ఉండాలి.

దిశ అర్థంకాకపోతే ఊహించి పెట్టేయకండి. క్యాసెట్‌ను వేడి మైనంలోనే ఉంచి గ్రాసింగ్ చేసినవారిని అడగండి. ముక్క వేడి మైనంలో పది నిమిషాలు ఎక్కువ ఉంటే నష్టం లేదు. తప్పు దిశలో పెట్టిన బ్లాకును కరిగించి మళ్లీ పెట్టవచ్చు, నిజమే. కానీ ఆ లోపు ట్రిమ్మింగ్‌లో కోసేసిన భాగం తిరిగి రాదు, చిన్న బయాప్సీలో పోయింది ఆ భాగమే అయితే ఇక చేయగలిగేది ఏమీ ఉండదు.

ఎల్ ఆకారపు ఇత్తడి అచ్చులు వాడవచ్చా, స్టీల్ అచ్చులు కొనాలా?

ఇత్తడి ఎల్ ముక్కలతో అచ్చు సైజు కావలసినట్టు మార్చుకోవచ్చు, కొన్ని కళాశాలల్లో ఇప్పటికీ నడుస్తున్నాయి. రోజూ పదుల కొద్దీ బ్లాకులు చేసే చోట స్టీల్ అచ్చులు, ప్లాస్టిక్ క్యాసెట్లు తప్ప గతిలేదు. నంబరు బ్లాకుతోనే ఉండిపోవడం పెద్ద లాభం. ముక్క చుట్టూ నాలుగు వైపులా కనీసం 2 మిల్లీమీటర్ల మైనం ఉండే అచ్చు ఎంచుకోవాలి. అంచు దాకా ముక్క ఉన్న బ్లాకు రిబ్బనును ఇవ్వదు.

చిన్న ముక్కలు ప్రాసెసర్‌లో మాయం కాకుండా ఏం చేయాలి?

వడపోత కాగితంలో మడిచి క్యాసెట్‌లో పెట్టండి. స్పాంజ్ వాడితే, బాగా నొక్కుకుపోయినప్పుడు ముక్కలో త్రికోణపు రంధ్రాలు ఏర్పడతాయి, వాటిని చూసి కొత్త పాథాలజిస్టులు తికమకపడతారు. ఆల్కహాల్ మెట్లలో ఒకదానిలో కొద్దిగా ఈయోసిన్ కలిపితే ముక్కలు గులాబీ రంగు పట్టి తెల్లని కాగితం మీద, మైనంలో కూడా స్పష్టంగా కనబడతాయి. ఆవగింజలో సగం ఉన్న ముక్క కోసం వెతికిన వారెవరైనా దీని విలువ చెబుతారు. గ్రాసింగ్ కాగితంలో 5 ముక్కలు అని ఉంటే అచ్చులో 5 ఉండాలి, అన్నీ మధ్యలో, దగ్గరగా, ఒకే మట్టంలో. 4 మాత్రమే దొరికితే అక్కడే ఆగి, కాగితం మడతలు, క్యాసెట్ మూత వెతికి, అప్పటికీ దొరకకపోతే రాసిపెట్టాలి.

ఒక రోగి ముక్క మరొకరి బ్లాకులోకి ఎలా వస్తుంది?

ఫోర్సెప్స్ కొనకు అంటుకుని వస్తుంది. కణితి ముక్కలు, గర్భసంచి గోకుడులో వచ్చే తునకలు సులువుగా రాలుతాయి కాబట్టి వాటి తర్వాత తీసే కేసుకే ముప్పు ఎక్కువ. మామూలు ముక్కలో ఎవరిదో క్యాన్సర్ తునక చేరితే ఆ రిపోర్టు ఏమవుతుందో ఆలోచించండి. ఒకసారి ఒక్క క్యాసెట్ మాత్రమే తెరవాలి, ప్రతి కేసుకూ ఫోర్సెప్స్ తుడవాలి, ఎంబెడ్డింగ్ స్టేషను వేడి పలక మీద పేరుకున్న మైనాన్ని తీసేస్తూ ఉండాలి. దీనికి మినహాయింపులు లేవు.

క్యాసెట్ మీద పెన్సిల్‌తోనే ఎందుకు రాయమంటారు?

పెన్ను సిరా ఆల్కహాల్‌లోనూ జైలీన్‌లోనూ కరిగిపోతుంది. పెన్సిల్ గ్రాఫైట్ దేనిలోనూ కరగదు.

ఎముక ముక్కలకు ఏమి చేయాలి?

ముందు పూర్తిగా ఫిక్స్ చేయాలి, తర్వాత కాల్షియం తీసేయాలి, అప్పుడే ప్రాసెసర్. ఈ వరుస తప్పితే ఆమ్లం కణాలనే తినేస్తుంది. 5 నుంచి 10 శాతం ఫార్మిక్ ఆమ్లం రోజువారీ పనికి నమ్మదగినది. నైట్రిక్ ఆమ్లం వేగంగా పనిచేస్తుంది గానీ కాస్త ఎక్కువసేపు ఉంటే కేంద్రకాలకు హెమటాక్సిలిన్ రంగు పట్టదు. ఎముక మజ్జ బయాప్సీలకూ, తర్వాత ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ (యాంటీబాడీలతో చేసే పరీక్ష) లేదా జన్యుపరీక్షలు అవసరమయ్యేవాటికీ ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టి లాగేసే రసాయనం) మేలు. అది నిదానంగా పనిచేస్తుంది, పెద్ద ముక్కలకు వారాలు పట్టవచ్చు.

అయిపోయిందని తెలుసుకోవడానికి సూది గుచ్చడం చాలాచోట్ల చూస్తాం. అది ముక్కలో రంధ్రాలు చేస్తుంది. దాని బదులు, వాడిన ఆమ్లంలోంచి కొంచెం తీసి, అమ్మోనియాతో తటస్థం చేసి, అమ్మోనియం ఆక్జలేట్ కలపండి. మబ్బుగా మారితే కాల్షియం ఇంకా దిగుతోందని. మైక్రోటోమ్ మీదికి వచ్చాక బ్లేడు కరకరమంటే బ్లాకు ముఖాన్ని పలచని ఆమ్లంలో తడిపిన దూది మీద కొద్దిసేపు బోర్లించి, కడిగి, పై కొన్ని సెక్షన్లు తీసుకోవచ్చు.

స్లైడులో కొవ్వు కణాలు ఖాళీగా కనబడతాయి ఎందుకు?

లోపలి కొవ్వును ఆల్కహాల్, జైలీన్ కరిగించి పట్టుకుపోయాయి కాబట్టి. కణం అంచు పొర మాత్రమే మిగిలింది. కొవ్వునే చూడాలంటే ముక్కను మైనంలోకి పంపకుండా, క్రయోస్టాట్‌లో (అతిచల్లని పెట్టెలో అమర్చిన మైక్రోటోమ్) గడ్డకట్టించి ఫ్రోజెన్ సెక్షన్ తీయాలి. గౌట్ (కీళ్లలో యూరేట్ పేరుకునే జబ్బు) ముడుల్లోని యూరేట్ స్ఫటికాల సంగతి వేరు, అవి నీళ్లున్న ఫార్మలిన్‌లోనే కరిగిపోతాయి. గౌట్ అనుమానం ఉంటే ముక్కను ఆల్కహాల్‌లోనే పంపమని సర్జన్‌కు ముందే చెప్పాలి.

బ్లాకు చల్లార్చేటప్పుడు పగుళ్లు పడుతున్నాయి. ఫ్రీజరులో పెట్టవచ్చా?

ఫ్రీజరులో పెట్టడం వల్లే పగులుతున్నాయి. చల్లని పలక సున్నాకు నాలుగైదు డిగ్రీలు తక్కువగా ఉంటే చాలు. నిదానంగా గది వేడిలో చల్లారనిస్తే మైనం పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి తెల్లని మచ్చలు పడతాయి, అదీ మంచిది కాదు.

ఈ రసాయనాలతో ఆరోగ్యానికి ముప్పు ఉందా?

ఉంది. ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల తొలి వర్గంలో చేర్చింది. జైలీన్ ఆవిరి తలనొప్పి, మగత తెస్తుంది. పైగా దాదాపు 27 డిగ్రీల దగ్గరే మంటకు దొరికే ఆవిరినిస్తుంది, అంటే మన గదుల్లో దాదాపు ఏడాది పొడవునా. దాన్ని మైనం ఓవెన్ పక్కన, బున్సెన్ దీపం దగ్గర ఉంచకూడదు. కిటికీ తెరిచి పంకా వేశాం కదా అంటే సరిపోదు, ఆవిరిని బయటికి లాగే ఏర్పాటు కావాలి. గ్రాసింగ్ గది వాసనకు అలవాటు పడిపోయాం అని టెక్నీషియన్లు గొప్పగా చెప్పుకుంటారు. అలవాటు పడింది ముక్కు మాత్రమే, ఊపిరితిత్తులు కాదు.

మా అమ్మ బయాప్సీ బ్లాకు మాకు ఇచ్చారు. స్లైడు సరిపోదా, బ్లాకు ఎందుకు?

రెండో అభిప్రాయం కోసం ముంబైలోని టాటా మెమోరియల్‌కో, హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో వెళితే వారు అదనపు పరీక్షలు చేయాల్సి రావచ్చు. వాటికి కొత్త సెక్షన్లు కావాలి, అవి బ్లాకు నుంచే వస్తాయి. స్లైడు మీద ఉన్నది అప్పటికే రంగు వేసిన ఒకే ఒక్క పొర.

ప్రయాణంలో బ్లాకును ఎలా జాగ్రత్త చేయాలి?

చిన్న ప్లాస్టిక్ డబ్బాలో దూది పెట్టి ఉంచండి. ఫ్రిజ్ అక్కరలేదు, మామూలు గది వేడిలో ఏళ్ల తరబడి ఉంటుంది. ఎండలో తాళం వేసిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టవద్దు. మే నెలలో అక్కడి వేడి 60 డిగ్రీలు దాటడం వింత కాదు, మైనం కరిగేది కూడా అక్కడే. ఒకవేళ కరిగినా కంగారుపడకండి. ముక్క, క్యాసెట్ దగ్గరే ఉంటే ల్యాబులో మళ్లీ ఎంబెడ్ చేయవచ్చు. కరిగిన మైనాన్ని తుడిచి పారేయడం, ముక్కను విడిగా కాగితంలో చుట్టడం చేయవద్దు, డబ్బాను ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్లండి. తీసుకునేటప్పుడు బ్లాకు మీద నంబరు, రిపోర్టులోని నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి. బ్లాకులు ఎన్ని ఇచ్చారో రాసిన రసీదు అడిగి తీసుకోండి. పరీక్ష అయ్యాక బ్లాకును తిరిగి మొదటి ల్యాబుకు అప్పగించండి, తర్వాత ఎప్పుడైనా మందు మార్చాల్సి వచ్చి కొత్త పరీక్ష అడిగితే మళ్లీ కావలసింది అదే.